ఫోటోలోని ఈత చెట్లు

పాండు మస్కట్‌లో కాంక్రీటు లారీ నడుపుతాడు. వెళ్లి ఏడేళ్లయింది. ఆఖరుసారి ఇంటికొచ్చి మూడేళ్లు దాటింది. అయినా జిన్నారం దాటాక ఫ్యాక్టరీల వెనకనున్న తన ఊళ్లో ఏం జరిగినా ముందు అతనికే తెలిసేది. ట్రాన్స్‌ఫార్మర్ కాలినా, పంచాయతీ సెక్రటరీ మారినా, ఎవరైనా పార్టీ కండువా మార్చినా ఆ కబురు మస్కట్ వెళ్లి, అక్కణ్నుంచి అతని భార్య అరుణకు చేరేది.

అరుణ మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. పొద్దున ఆరున్నరకు కంపెనీ బస్సెక్కితే ఇల్లు చేరేసరికి సాయంత్రం. ఊరి వాట్సాప్ గ్రూపులో వచ్చేవన్నీ చదివే తీరిక ఆమెకెక్కడిది?

"మన గల్లీల మోరీ తీస్తున్నరంట గద" అని పాండు ఫోన్లో అడిగితే, ఆమె తలుపు తీసి మురుగు కాలువ వైపు చూసి, "అవు, తీస్తున్నరు" అనేది. అత్త మల్లవ్వ పడీపడీ నవ్వేది.

అతన్ని తప్పుపట్టడానికి అరుణకు మనసొప్పేది కాదు. ఎనిమిది మంది పడుకునే గదిలో, డ్యూటీ దిగాక అతనికున్న కాలక్షేపం అదొక్కటే. ఆ ముచ్చట్లు వింటుంటే ఊళ్లోనే ఉన్నట్టుంటుందని ఒకసారి చెప్పాడు కూడా.

పంచాయతీ ఎన్నికలొచ్చాయి. సర్పంచి పదవి ఆడవాళ్లకు రిజర్వయింది. ఫ్యాక్టరీలకు ట్యాంకర్లు నడిపే చంద్రకాంత్ తన భార్య నిషితను నిలబెట్టాడు. పాండు చిన్ననాటి దోస్తు సంగప్ప భార్య ఆమెకు పోటీ. ఇంకేముంది, పాండు మస్కట్ నుంచే ప్రచారం మొదలుపెట్టాడు. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో, ఎవరు ఎటు మొగ్గుతున్నారో లెక్కలు చెబుతూ రోజుకు పది వాయిస్ మెసేజీలు పెట్టేవాడు.

పోలింగ్‌కు ఇంకా ఐదు రోజులుందనగా, ఆదివారం పొద్దున్నే చంద్రకాంత్ మనిషి ఒకడు ఇంటి ముందు బండి ఆపి, ఫోన్ తీసి గ్రూపులోని ఫోటో ఒకటి అరుణకు చూపించాడు. వాగు ఒడ్డున ట్యాంకర్, దాని నుంచి నీళ్లలోకి పైపు, నీళ్ల మీద తెల్లటి నురగ. కింద పాండు రాసింది: "మన బోర్లల్ల విషం కలుపుతున్నది ఎవరో చూడుండ్రి. చంద్రకాంత్ ట్యాంకర్."

"అన్న ఠాణాల కంప్లైంట్ ఇయ్యవోతున్నడు. పేపర్ రాసుడు గూడ అయింది" అని చెప్పి వాడు వెళ్లిపోయాడు.

పాండు పాస్‌పోర్టు రెన్యువల్‌కు ఇచ్చి ఇరవై రోజులైంది. నేడో రేపో పోలీసులు విచారణకు రావాలి. ఇప్పుడు కేసు పడితే అది ఆగిపోతుంది. అది ఆగితే ఉద్యోగమూ ఉండదు, ఇంటికి రావడమూ ఉండదు. పక్క ఊరి డ్రైవర్ ఒకతన్ని పాత కేసు మీద విమానాశ్రయంలోనే ఆపేశారని అందరికీ తెలుసు. అరుణ వెంటనే పాండుకు ఫోన్ చేసింది. ఆదివారం అక్కడ పనిరోజు. పాండు ఎత్తలేదు.

ఏం చేయాలో తోచక ఆమె గ్రూపు తెరిచి ఆ ఫోటోనే మళ్లీ మళ్లీ చూసింది. వేళ్లతో పెద్దది చేసింది. ట్యాంకర్ వెనక మూడు ఈత చెట్లు కనిపించాయి.

"అత్తా, జెర గీ చెట్లు సూడు."

మల్లవ్వ కళ్లు చికిలించి చూసింది. "గవి మన వాగు కాడి ఈత చెట్లే. నిరుడు కల్వర్టు కట్టినప్పుడు కొట్టేసిరి గద."

చంద్రకాంత్ ట్యాంకర్లు కొన్నది మొన్న దసరాకు. అరుణ చెప్పులేసుకుని వాగుకు నడిచింది. నీళ్లు ఇప్పుడూ శుభ్రంగా లేవు. ముక్కు మూసుకోవాల్సిన వాసనే. కానీ చెట్లున్నచోట సిమెంటు గోడ ఉంది. అక్కడే నిలబడి దాన్ని ఫోటో తీసింది.

చంద్రకాంత్ వాకిట్లో పది మంది కూర్చుని ఉన్నారు. ఆమె నేరుగా అతని ముందుకెళ్లి రెండు ఫోటోలూ చూపించింది.

"తప్పు మా ఆయినదే అన్నా. గా ఫోటో పాతది. నువ్వు ట్యాంకర్లు కొనకముందుది."

చంద్రకాంత్ చాలాసేపు చూశాడు. "గక్కడ కూసోని మా ఇజ్జత్ తీసిండు గదమ్మా. నువ్వు నాకొక్కనికి చెప్తే ఏం లాభం? ఊరంత చదివిన్రు."

"గదే గ్రూపుల, ఆయిన నోటితోనే చెప్పిపిస్త. పగటీలి దాక ఆగు."

"మూడు గంటల దాక సూస్త" అన్నాడతను, ఫిర్యాదు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.

రెండు దాటాక, అక్కడి మధ్యాహ్న విరామంలో పాండు ఫోన్ చేశాడు. విషయం చెబితే ముందు ఎగిరాడు. "నాకు ఇంకొకడు పంపిండు, నేను పెట్టిన. అబద్ధమని నీకెట్ల ఎరుక?"

"ఫోటోల ఈత చెట్లున్నయి, సూసినవా?"

"ఉంటయి. చిన్నప్పటిసంది ఉన్నయి."

"ఇప్పుడు లేవు. నిరుడు కొట్టేసిన్రు."

పాండు ఆ ఫోటో మళ్లీ తెరిచి చూశాడు.

"నాకెవ్వరు చెప్పలే" అన్నాడు.

"చెట్లు కొట్టేస్తే గ్రూపుల ఎవరు పెడ్తరు? నేనన్న చెప్పాల్సింది. నువ్వడగలే, నాకు యాదికి రాలే." ఆమె కాస్త ఆగి, "మూడు గంటలకు చంద్రకాంతన్న ఠాణాకు పోతడు. నీ పాస్‌పోర్టు సంగతి సోంచాయించు" అంది.

పది నిమిషాల్లో గ్రూపులో పాండు గొంతు వినిపించింది. సాకులేం చెప్పలేదు. "ఫోటో పాతది. చంద్రకాంతన్నకు దాంతోని సంబంధం లేదు. అరుసుకోకుంట పెట్టిన, తప్పయింది. అన్నకు, నిషితక్కకు మాఫీ అడుగుతున్న."

మూడు కొట్టింది, నాలుగైంది. మల్లవ్వ గడప మీద నుంచి లేవలేదు. నాలుగున్నరకు చంద్రకాంత్ బండి అటుగా వచ్చి ఆగింది. అతను దిగకుండానే జేబులోని కాగితం అరుణ చేతిలో పెట్టాడు.

"నువ్వు వాగు దాక పోయి సూసొచ్చినవు చెల్లె. గందుకే ఇడిసిపెడుతున్న" అని బండి ముందుకు పోనిచ్చాడు.

అరుణ ఆ కాగితంతోనే కట్టెల పొయ్యి అంటించి చాయ్ మరిగించింది. పొద్దుటి నుంచి ఇద్దరూ ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చింది.

ఎన్నికల్లో నిషిత నలభై మూడు ఓట్లతో గెలిచింది. అరుణ ఎవరికి వేసిందో పాండు అడగలేదు. గ్రూపులో ఇంకా ఉన్నాడు గాని, ఏమీ పెట్టడం లేదు. శుక్రవారం సెలవు రోజున వీడియో కాల్ చేసి, ఫోన్ పట్టుకుని ఊళ్లో నడవమంటాడు. ఎవరింటి గోడకు ఏ రంగేశారో, ఏ మడి ప్లాట్లయిందో ఒక్కొక్కటీ చూసుకుంటాడు.

పోలీసులు వచ్చి రెండు ప్రశ్నలడిగి సంతకం తీసుకెళ్లారు. నెల తిరక్కుండానే కొత్త పాస్‌పోర్టు ఫోటో అరుణ ఫోన్‌కు వచ్చింది. ఆమె తేదీ చదివి, "పదేండ్లకు ఇచ్చిన్రు అత్తా" అంది.

మల్లవ్వ ముఖం చిన్నబోయింది. "అంటే ఇంక పదేండ్లు గక్కడనే ఉంటడా?"

"గట్ల కాదు" అని అరుణ నవ్వుతూ ఆమె పక్కన కూర్చుంది. "పదేండ్లు ఎప్పుడు రాబుద్ధయితే అప్పుడు రావొచ్చు. వచ్చే నెల లీవు పెట్టిండు."