థైరాయిడ్ డబ్బాలో వేరే గోలీలు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ మాటతో మొదలుపెట్టినవాళ్ళంతా చివరికి ఏదో ఒక దెయ్యం కథే చెబుతారని నాకూ తెలుసు. నేను చెప్పబోయేదాంట్లో దెయ్యం ఉందో లేదో నాకే తెలియదు. ఉందని తేలినా ఊరుకుందును, లేదని తేలినా ఊరుకుందును. ఏదీ తేలకపోవడమే నా బాధ.

మాది శంషాబాద్. మా ఆయన ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. ఇంట్లో అందరం చర్చికి వెళతాం. నేను ప్రార్థన చేస్తాను, జ్వరం వస్తే గోలీ కూడా వేసుకుంటాను. ఈ రెండింటికీ మధ్య ఎప్పుడూ పేచీ రాలేదు.

ఎయిర్‌పోర్టు పక్కన ఒక పెద్ద గోదాములో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. పార్సిల్ మీద లేబుల్ స్కాన్ చేసి, విమానంలో వెళ్ళేవి ఒకవైపు, లారీలో వెళ్ళేవి ఇంకోవైపు తోసేయడం మా పని. మొత్తం ఆరు టేబుళ్ళు. నాది నాలుగోది. నా వెనక నాలుగడుగుల ఖాళీ, ఆ తర్వాత గోడ. పైన పెద్ద పెద్ద లైట్లు. దెయ్యం కాపురం పెట్టడానికి ఇంతకంటే పనికిరాని చోటు ఉండదు.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు టీ తాగొచ్చి పని మొదలుపెట్టాను. పొద్దున పదకొండు దాటింది. వెనకనుంచి ఎవరో నా టాప్ అంచు పట్టుకుని లాగారు. రెండుసార్లు, మెల్లగా. మోకాలికి కొంచెం పైన. చిన్నపిల్లలు తల్లి దగ్గర నిలబడి ఏదైనా కావాలని లాగుతారే, అలా. తిరిగి చూశాను. ఎవరూ లేరు. గోడ ఉంది.

ఆ వెంటనే ఆముదం వాసన వచ్చింది. కాచిన ఆముదం, తలకు పెట్టుకునేది. వాసన వచ్చిన నిమిషానికే గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. చచ్చిపోతున్నానని గట్టిగా అనిపించింది. స్కానర్ కిందపడేసి కూలబడ్డాను.

దవాఖానలో ఈసీజీ తీసి, గుండె బాగుందన్నారు. గ్యాస్ అన్నారు. నాలుగురోజులకు మళ్ళీ వచ్చింది. అదే టేబుల్, అదే వేళ, రెండు లాగుళ్ళు, వాసన, దడ. ఇంకో డాక్టరు నీరసమన్నాడు. మా అత్తమ్మ దిష్టి తగిలిందని ప్రార్థన చేయించింది. మా ఆయనైతే, "ఏం లేదని అందరు డాక్టర్లు చెప్పిరి గదా, ఇగ ఏంది నీ పరేషాన్?" అన్నాడు. ఏమీ లేదని చెప్పడం ధైర్యం చెప్పడం అనుకుంటారు వీళ్ళు. ఏమీ లేకుండా చచ్చేంత భయం ఎందుకు వస్తుందో ఒక్కరూ చెప్పరు. నాకు ఒళ్ళు మండిపోయేది.

టాప్ అంచు ఎక్కడైనా మేకుకు తగులుతోందేమోనని టేబుల్ కిందంతా తడిమి చూశాను. మేకు లేదు. ఫ్యాన్ గాలికేమోనని అంచును రెండువైపులా పిన్నీసులతో లెగ్గింగ్‌కు గుచ్చుకుని వెళ్ళాను. ఆ రోజు కూడా లాగింది. పిన్నీసులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

చివరికి నేనే అత్తాపూర్‌లో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాను. కోస్తా వైపు మనిషి, నిదానంగా మాట్లాడతాడు. నా మాట పూర్తిగా విన్న మొదటి డాక్టరు ఆయనే. కాగితం మీద మెదడు బొమ్మ గీసి, మధ్యలో చిన్న చుక్క పెట్టాడు. అది ప్రమాదం వస్తే గంట కొట్టే చోటట. నాకు ఏ ప్రమాదమూ లేకుండానే గంట మోగుతోందట. నరాల కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి కొన్ని రసాయనాలు వాడతాయని, అందులో సెరటోనిన్ ఒకటని చెప్పాడు. కణం దాన్ని వదిలిన కొద్దిసేపటికే మళ్ళీ లోపలికి లాగేసుకుంటుందట. ఎస్సిటలోప్రామ్ అనే మందు ఆ లాగేసుకోవడాన్ని అడ్డుకుంటుంది, సెరటోనిన్ ఇంకాసేపు పనిచేస్తుంది. కానీ మెదడు దానికి అలవాటుపడి సర్దుకోవడానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా పడుకునే ముందు క్లోనజెపామ్ సగం గోలీ. అది ఇంకో దారిలో పనిచేసే బ్రేకు లాంటిదని, అలవాటైపోతుంది కాబట్టి కొన్ని వారాలే ఇస్తానని ముందే చెప్పాడు.

"అయితే నాకు సెరటోనిన్ తక్కువుందా సార్?" అని అడిగాను.

"అంత తేలికగా చెప్పలేమమ్మా. ఈ మందు చాలామందికి పనిచేస్తుందని తెలుసు. ఎందుకు పనిచేస్తుందో పూర్తిగా మాకూ తెలియదు" అన్నాడు.

ఆ నిజాయితీకి ఆయన మీద గౌరవం పెరిగింది. భయం కూడా పెరిగింది.

"లేనివి కనిపించడం, వినిపించడం ఏమైనా ఉందా?" అని కూడా అడిగాడు. లేదన్నాను. నిజమే కదా, నాకేమీ కనిపించలేదు, వినిపించలేదు. లాగడం గురించి ఆయన అడగలేదు. చెబితే ఇంకేదో పెద్ద జబ్బు పేరు రాస్తాడని భయపడ్డాను. ఇంట్లో కూడా దడ గురించే చెప్పాను తప్ప, లాగుడు గురించి, ఆముదం గురించి ఒక్కరికీ చెప్పలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత జరిగినదానికి ఇదొక్కటే నా దగ్గరున్న సాక్ష్యం.

ఇక గోలీల బాధ. మా గోదాము గేటు దగ్గర సంచులు వెతుకుతారు. గోలీలు ఉంటే చూపించి, దేనికో చెప్పాలి. అంతకుముందు ఏడాది ప్యాకింగ్‌లో ఒకామె "మెంటల్ గోలీలు" వాడుతోందని తెలిసి, మిషన్ల దగ్గర పనికిరాదని మెల్లగా పంపించేశారు. పగటి గోలీ, అంటే ఎస్సిటలోప్రామ్, పదకొండులోపు ఏదైనా తిన్నాకే వేసుకోవాలి, తెల్లారే ఖాళీ కడుపుతో ఇంట్లో వేసుకుంటే వాంతి అయ్యేది. అందుకని మా అక్క దగ్గర థైరాయిడ్ గోలీల ఖాళీ డబ్బా తెచ్చి, ఈ గోలీలు దాంట్లో పోసుకున్నాను. మా షిఫ్టులో సగంమంది ఆడవాళ్ళకు థైరాయిడ్ ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ అక్క డబ్బా చూసి, "నీకు గూడ వచ్చిందా?" అని జాలిపడి వదిలేసింది. అలా నేను థైరాయిడ్ మనిషినయ్యాను.

మొదటి పదిరోజులు నరకం. కడుపులో తిప్పడం, అంతకుముందు కంటే ఎక్కువ గాభరా. ఇలా ఉండొచ్చని డాక్టరు చెప్పి ఉండకపోతే డబ్బా కాలువలో పారేసేదాన్ని. మూడోవారం దాటాక కొంచెం తెరిపి. రెండో నెల వచ్చేసరికి దడ లేదు. లాగుడు లేదు. వాసనా లేదు.

ఎంత తేలికపడ్డానో చెప్పలేను. అంతా నా మెదడు పనే అన్నమాట. మందు వేస్తే పోయింది, కథ అయిపోయింది అనుకున్నాను.

ఆరునెలలకు నన్ను ముందువైపు డిస్పాచ్ డెస్కుకు మార్చారు. నాలుగో టేబుల్‌కు శ్రావణి అనే అమ్మాయి వచ్చింది. మహేశ్వరం అవతల ఊరు. పొలం అమ్మేశారు, కొన్నవాళ్ళు ప్లాట్లు వేశారు, ఇంట్లో అందరికీ ఆ పిల్ల ఉద్యోగమే ఆధారం. రెండు బస్సులు మారి వచ్చేది. మూడునెలల కాంట్రాక్టు, పని బాగుంటే పొడిగిస్తారు. పని నేర్పింది నేనే. చేయి చురుకు.

రెండోవారంలో టేబుల్ దగ్గర కూలబడింది. అదే వేళ. ఎండదెబ్బ అన్నారు. గోదాము లోపల ఎండ ఎక్కడిదో నాకర్థం కాలేదు. తర్వాతి వారం మళ్ళీ పడింది. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అక్కా, ఒకటి చెప్త. నవ్వద్దు."

"చెప్పు."

"ఎవలో చిన్న పోరడు ఎన్కకెల్లి గుంజినట్టయితది. రెండుసార్లు. తిరిగి సూస్తే ఎవ్వలుండరు. ఇగ అప్పటిసంది గుండె దడదడ కొట్టుకుంటది. ఆముదం వాసన గూడ వస్తదక్కా. మా అమ్మమ్మ తలకు రాస్తుండె, గదే వాసన."

ముద్ద కంచంలో పెట్టేశాను. ఎక్కడ గుంజుతుందని అడిగాను. వంగి చూపించింది. మోకాలికి కొంచెం పైన. ఆ పిల్ల వేసుకునేది ప్యాంటు, షర్టు. గాలికి ఊగే అంచే లేదు.

"నీకు థైరాయిడ్ ఉంది గదా అక్కా. థైరాయిడ్‌కు గిట్లయితదా? నీకెప్పుడన్న అయిందా?"

చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. నాకూ అయింది, దడకు మందు ఉంది, డాక్టరు మంచివాడు, నేను తీసుకెళతాను. కానీ పక్క టేబుల్ దగ్గర సూపర్‌వైజర్ తింటున్నాడు. ప్యాకింగ్ ఆమె గుర్తొచ్చింది. మా ఆయన కారు కిస్తీ గుర్తొచ్చింది.

"నాకేం గాలే. థైరాయిడ్ టెస్టు చేయించుకో" అన్నాను.

పాపం, సెలవు పెట్టి మరీ చేయించుకుంది. అంతా మామూలుగా ఉంది. ఇంట్లోవాళ్ళు తాయత్తు కట్టించారు. మళ్ళీ పడింది. సూపర్‌వైజర్ ఆమెకు మూర్ఛ ఉందని తనే తేల్చేసి, కాంట్రాక్టు పొడిగించలేదు. వెళ్ళే రోజు నా దగ్గరికొచ్చి, "పోతున్నక్కా" అంది. సరేనన్నాను.

ఆ తర్వాత నాకు పిచ్చి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఇది నా మెదడులోనిదే అయితే ఆ పిల్లకెలా తెలిసింది? ఆ చోటులోనే ఏదో ఉంటే, నేను మింగిన గోలీకి అదెలా పోయింది? పోనీ అక్కడ ఏదైనా ఘోరం జరిగిందేమో కనుక్కుందామని గేటు బయట టీ అమ్మే ముసలమ్మను కదిపాను. ఆ భూమి ఒకప్పుడు వాళ్ళదే.

"ఏం గాలే బిడ్డా. అన్ని రాళ్ళే. జొన్న గూడ సక్కగ పండకపోతుండె. ఎవ్వలు సావలే, ఎవ్వలు పుట్టలే" అంది.

ఒక్క చావు కథ కూడా దొరకలేదు. దొరికితే కనీసం భయపడి ఊరుకునేదాన్ని.

నా మెదడు తప్పు లేనప్పుడు మెదడుకు మందెందుకని, ఎవరినీ అడగకుండా గోలీలు ఆపేశాను. అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. నాలుగోరోజు నుంచి తల తిప్పితే చాలు, లోపల కరెంటు కొట్టినట్టు జిల్లుమనేది. మెట్లు దిగుతుంటే తూలేదాన్ని. ఉత్తపుణ్యానికి ఏడుపు. కొన్ని వారాలకు ఆ జిల్లుమనడం తగ్గింది గానీ, ఒక ఆదివారం వంటింట్లో పప్పు తాలింపు వేస్తుండగా దడ వచ్చింది, పాతదే, అచ్చంగా అదే. కానీ ఎవరూ లాగలేదు. ఇంగువ వాసన తప్ప ఇంకో వాసన లేదు.

డాక్టరు దగ్గరికి పోయి అంతా కక్కేశాను. మందు హఠాత్తుగా ఆపినందుకు కోప్పడ్డాడు. ఆపాల్సి వస్తే తనే నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గిస్తానన్నాడు. లేని వాసన రావడానికి మెదడులో వేరే కారణాలుంటాయని, తలకు తీగలు పెట్టి చూసే ఈఈజీ తీయించాడు. అది మామూలుగానే ఉంది. శ్రావణి సంగతి కూడా పూర్తిగా విన్నాడు. "పని నేర్పేటప్పుడు మీకు తెలియకుండానే ఎప్పుడో చెప్పి ఉంటారమ్మా" అన్నాడు. చెప్పలేదు సార్ అన్నాను. "అయి ఉండొచ్చు" అన్నాడు. ఏది అయి ఉండొచ్చో చెప్పలేదు.

దడ నాది. అది నా మెదడుది, దానికి మందు ఉంది, మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ తగ్గింది. ఇందులో నాకు అనుమానం లేదు. ఆ రెండు లాగుళ్ళు ఎవరివో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. ఇప్పుడు నాలుగో టేబుల్ దగ్గర మనుషులు లేరు, అట్టపెట్టెలు పెట్టుకుంటున్నారు.

చాలా రోజులు వెనకాముందాడి, పోయిన నెల శ్రావణికి ఫోన్ చేశాను. "అక్కా!" అని సంబరపడింది. ఊళ్ళోనే ఉందట. గుంజడం అక్కడితోనే పోయిందట, దడ మాత్రం అప్పుడప్పుడూ వస్తోందట. బస్సెక్కాలంటే భయమట. డాక్టరు పేరు, క్లినిక్ గుర్తులు చెప్పాను. ఇది పిచ్చి కాదని, మందుతో తగ్గుతుందని, నాకు తగ్గిందని చెప్పాను. నాకూ అదే టేబుల్ దగ్గర, రెండుసార్లే, అదే ఆముదం అని కూడా చెప్పాను.



"గట్లయితే ఆ రోజు నాకేం గాలే అన్నవేందక్కా? నాకొక్కదానికే అనుకొని ఎంత ఏడ్చిననో ఎరుకేనా?" అంది.

నన్ను లాగింది ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. ఎవరూ జవాబు చెప్పడం లేదని డాక్టర్ల మీద, ఇంట్లోవాళ్ళ మీద, టీ ముసలమ్మ మీద కూడా విసుక్కున్నాను. శ్రావణి అడిగినదానికి జవాబు మాత్రం నాకు తెలుసు. అది నోటిదాకా రాలేదు. మళ్ళీ చేస్తానని చెప్పి పెట్టేశాను. ఇంకా చేయలేదు.