సాఫీల బోను

గల్ఫ్‌లో, ఈ హిద్ ఊరి సముద్రపు ఒడ్డున ఒక్క పూటలో గోనెసంచి నిండా సాఫీ చేపలు పట్టిన మొనగాణ్ణి నేను. ఒక్కొక్కటి మోచేయంత. మా కూలీల క్యాంపులో ఈ మాట చెప్పినప్పుడల్లా ఆ చేప ఇంకో వేలెడు పెరిగేది. ఆ గొప్పల కింద ఏం దాచానో ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇక మోయలేక మీకు చెప్తున్నా.

సంచీ లేదు, మోచేయీ లేదు. అరచేతిలో పట్టే చేపలు, సగం బకెట్. పొట్టల నిండా గుడ్లు.

గుడ్లు పెట్టే కాలంలో సాఫీలను పట్టకూడదని ఇక్కడ నిషేధం. తెలియక చేశానా? బాగా తెలుసు. సైటులో నాది ఇనుప చువ్వలు కట్టే పని. మిగిలిన బైండింగ్ వైరుతో బోను అల్లి, సముద్రం వెనక్కి తగ్గి నీళ్లు నడుము లోతున్నప్పుడు, రొట్టెముక్కలు వేసి రాళ్ల మధ్య పెట్టేవాణ్ణి. శుక్రవారం తీస్తే గదిలో అందరికీ కూర. వాళ్లు లొట్టలేస్తుంటే నాకు తినకుండానే కడుపు నిండేది.

నాతోపాటే చువ్వలు కట్టే గంగారాం ఒక్కడే ముట్టలేదు.

"గుడ్లతోటున్నయ్ మామా. ఇడిసిపెట్టు."

"సముద్రం నీ తాత రాసిచ్చిండా? నేను పట్టకపోతే ఇంకోడు పడ్తడు."

"అందరు గట్లనే అంటే ఏం మిగుల్తయ్?"

నవ్వి, పక్కవాడి కంచంలో ఇంకాస్త కూర వేశాను.

మరుసటి శుక్రవారం నేను వెళ్లేసరికి వాడు నీళ్లలో ఉన్నాడు. బోను మూతి విప్పి చేపల్ని బయటికి తోలుతున్నాడు. ముల్లు గుచ్చుకుని చేతినుంచి రక్తం. అప్పుడే గస్తీ పడవ వచ్చింది. బోను ఎవరిదని అడిగారు. నాది అంటే సరిపోయేది. నోరు మూసుకుని నిలబడ్డాను.

వాణ్ణే పట్టుకుపోయారు. మాకు వీసాలిచ్చిన యజమాని, కఫీల్, వాడి వీసా రద్దు చేసి ఊరికి పంపేశాడు. ఖలాస్. ఊళ్లో వాడి ఇల్లు పిల్లర్ల దగ్గరే ఆగిపోయింది. ఊరికి పోయినప్పుడు చూశాను, పైకి లేచిన చువ్వలు తుప్పు పట్టి ఉన్నాయి. లోపలికి పోకుండానే వచ్చేశాను.

ఇప్పుడు ఆ రాళ్ల దగ్గర ఎంత రొట్టె వేసినా ఒక్క సాఫీ తిరగదు. నా ఒక్కడి బోనే ఊడ్చేసిందా? కాకపోవచ్చు. కానీ ఊడ్చిన ప్రతివాడూ ఇదే అనుకుని ఉంటాడు కదా, ఇంకోడు పడతాడని. నిషేధం ఏటా వస్తూనే ఉంది. చేపే రావడం లేదు.

మొన్న గంగారాంకు ఫోన్ చేసి, ఇక్కడిదాకా రాసిందంతా చదివి వినిపించాను. క్షమించమని అడగలేదు, ఆ మొహం నాకు లేదు. చదవడం అయ్యాక మాత్రం ఛాతీలో ఏదో కాస్త వదులైనట్టనిపించింది. వాడు చివరిదాకా విన్నాడు.

"నోరు మూసుకున్ననని రాసినవా మామా? నువ్వేడ మూసుకున్నవ్. 'గీనిదే బోను, వద్దంటె ఇనలే' అని నా దిక్కు వేలు పెట్టి సూపెట్టినవ్. రాస్తె అది రాయి."