మా అత్తగారి చేతికి అంటిన అన్నం

ఆకలిని పుట్టించినవాడూ, ఆ ఆకలిని తీర్చేవాడూ అయిన మన తండ్రికి స్తోత్రం! మనం నోరు తెరవకముందే మన అవసరం ఎరిగినవాడికి, ఎవరూ చూడని చోట చూసేవాడికి, దేవునికే మహిమ! సహోదరులారా, సహోదరీలారా, ఆయన మా ఇంట్లో చేసిన పని తలుచుకుంటే ఇవాళ్టికీ నా ఒళ్ళు జలదరిస్తుంది, అయినా మీ ముందు చెప్పకుండా ఉండలేను.

ఎనభైల మొదట్లో మేము న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నేను హాస్పిటల్లో నర్సును, మా ఆయన జాన్‌బాబు కెమికల్ ఇంజినీరు, మా పాప షీలాకి అయిదేళ్ళు. బాపట్లలో సండే స్కూల్ పిల్లలకి పాటలు నేర్పిన మనిషి ఆయన. ఇక్కడికొచ్చాక ఆఫీసువాళ్ళతో సరదాగా మొదలుపెట్టిన తాగుడు ఆయన్నే మింగేసింది, కారు డిక్కీలో స్పేర్ టైరు పక్కన సీసా లేనిదే ఆయనకి పొద్దు గడిచేది కాదు. ఒక చలికాలం సాయంత్రం షీలాని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తాగి డ్రైవ్ చేస్తూ, మా పార్కింగ్ లాట్‌లోనే లైటు స్తంభానికి గుద్దేశారు. బిడ్డకి గీత కూడా పడలేదు, దేవునికి స్తోత్రం! కానీ ఆ రోజునుంచి కారు స్టార్టయిన చప్పుడు వింటే చాలు, నా గుండె నా చేతిలో ఉండేది కాదు. మళ్ళీ గుద్దితే? ఆ కార్లో నా బిడ్డ ఉంటే?

అక్కడున్న కొద్ది తెలుగు కుటుంబాలవాళ్ళం ప్రతి శుక్రవారం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఉపవాస ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. నేను పట్టుదలగా ఆ శుక్రవారం ఉపవాసాలు మొదలుపెట్టాను. ఆ రోజు తల దువ్వుకునేదాన్ని కాదు, మాసిన చీర మార్చుకునేదాన్ని కాదు, ఆయనకి అన్నం వడ్డించి, ఎదురుగా గోడకి ఆనుకుని, ఆయన ఎత్తే ప్రతి ముద్దా చూస్తూ కూర్చునేదాన్ని. మన ఊళ్ళలో కలెక్టరాఫీసు ముందు నిరాహారదీక్షలు ఎరుగుదుం కదా, కోరింది ఇచ్చేదాకా లేవనని టెంటు వేసుకుని కూర్చోవడం, నా ఉపవాసం నాకు తెలియకుండానే అలా తయారయ్యింది. ఆయన ఊరుకుంటారా!

"ఏమోయ్, టెంటు కూడా వేయించమంటావా? నీ దీక్ష విరమించడానికి నిమ్మరసం ఎవరివ్వాలి, నేనా, గవర్నరుగారా?"

నేను మరింత బిగుసుకుపోయేదాన్ని. ఆయన మరింత తాగేవారు.

ఆ వసంతకాలంలో మా అత్తగారు కరుణమ్మగారు వచ్చారు. ఉన్నదంతా ఆమె ముందు ఏడ్చి చెప్పాను. కొడుకుని నాలుగు దులుపుతారని ఆశపడ్డాను. ఆమె అంతా విని, "సరేలే అమ్మాయ్" అన్నారు, అంతే.

ఆ తరవాత ప్రతి సాయంత్రం ఒకటే వరస. చలికి గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాని హీటర్ మీద పెట్టి కరిగించి, తలకి రాసుకుని, నున్నగా దువ్వుకుని, ముఖం కడుక్కుని, ఉతికిన తెల్లచీర కట్టుకుని, కొడుకు వచ్చేసరికి నవ్వుతూ టేబుల్ దగ్గర ఉండేవారు. షీలాని పక్కన కూర్చోబెట్టుకుని పప్పన్నం కలిపి ముద్దలు పెట్టేవారు, కొడుకుతో ఊరి కబుర్లు చెప్పేవారు, చివరికి మాతోపాటే లేచి చెయ్యి కడుక్కునేవారు. నాకు లోపల మండిపోయేది. కన్నకొడుకు ఇలా అయిపోతుంటే ఈవిడకి నూనె, ముస్తాబు, కబుర్లు కావలసివచ్చాయా అనుకునేదాన్ని.

ఒక శుక్రవారం ఆయన వాసన కొడుతూ వచ్చి కూర్చున్నారు. నేను నా గోడ దగ్గర ఉన్నాను. ఆయన నన్ను చూసి, "ఇదిగో దీక్షాశిబిరం! మా అమ్మని చూసి నేర్చుకోవోయ్. ఆవిడకి లేదా భక్తి? హాయిగా తింటోంది" అన్నారు.

షీలా నోట్లో ముద్దతోనే, "నో డాడీ! నానమ్మ తినదు. ఓన్లీ నాకే పెడుతుంది. ఎవ్రీ డే!" అంది.

అప్పుడు చూశాం, సహోదరులారా! ఆమె వేళ్ళకి అన్నం అంటి ఉంది, కానీ ఆమె ముందు కంచం లేదు. షీలా చిన్న కంచం ఒక్కటే ఉంది. రోజూ ఆ చెయ్యి చూసి తిన్నారనే అనుకున్నాం, కంచం ఉందా లేదా అని ఇద్దరిలో ఒక్కరమూ చూడలేదు. మధ్యాహ్నం తినే ఒక్కపూట భోజనంతోనే ఆమె వచ్చిన దగ్గరనుంచీ ఉంటున్నారని అప్పుడు తెలిసింది.

"ఏంటమ్మా ఇది?" ఆయన తన కంచం పక్కకి జరిపేశారు.

"చల్లారిపోతుంది, తినరా."

"నామీద కోపమైతే తిట్టొచ్చు కదా."

"నీమీద కోపమెందుకురా? నాకు కావలసింది నీ దగ్గర లేదు. ఉన్నవాణ్ణి అడుగుతున్నాను."

ఎంత మెల్లగా అన్నారో! ఆ వంటింట్లో, ఆ పప్పన్నం ముందు, కాళ్ళకి చెప్పులుంటే విడిచేసి నిలబడాలనిపించింది నాకు. ఉపవాసం ఉన్నప్పుడు అది మనుషులకి కనబడకుండా తలకి నూనె రాసుకుని ముఖం కడుక్కోమని ప్రభువు చెప్పిన మాట చిన్నప్పటినుంచి కంఠస్థం చేసినదాన్నే, అది నా కళ్ళముందే రోజూ జరుగుతుంటే గుర్తుపట్టలేకపోయాను.

ఆయన లేచి బయటికి వెళ్ళారు. డిక్కీ తెరిచిన చప్పుడు వినిపించింది. అయిపోయింది, కారు తీస్తున్నారనుకుని తలుపు దగ్గరికి పరుగెత్తాను. ఆయనే తిరిగొచ్చి, సీసా, కారు తాళాలు రెండూ నా చేతిలో పెట్టి, "రత్నం, నువ్వు డ్రైవ్ చెయ్. మీ హాస్పిటల్‌కే తీసుకెళ్ళు. నా అంతట నేను మానలేను" అన్నారు. ఆ మాట కోసం నేను ఎన్ని శుక్రవారాలు గోడకి ఆనుకుని కూర్చున్నానో! దేవుడు దాన్ని ఒక పసిబిడ్డ నోట మొదలుపెట్టి ఆయన నోట ముగించాడు.

అంత తాగుడు ఒక్కసారి ఆపితే ఒళ్ళు ఎంత విలవిలలాడుతుందో నర్సుగా నాకు తెలుసు. ఆయన వణికారు, చెమటతో తడిసిపోయారు, కడుపులో నీళ్ళు కూడా నిలవలేదు. డాక్టర్లు చెయ్యవలసింది చేశారు, మా అత్తగారు మంచం పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఒక సాయంత్రం ఆయన తనంతట తానే, "అన్నం తెస్తావా?" అని అడిగారు. టిఫిన్ బాక్సులో పప్పుచారు, అన్నం పట్టుకెళ్ళాను. ఆయన లేచి కూర్చుని, వణుకుతున్న చేత్తో కలిపి, మొదటి ముద్ద తన నోటికి కాదు, తల్లి నోటికి ఎత్తారు.

"ఇప్పుడు తింటావా అమ్మా?"

ఆమె చంటిపిల్లలా నోరు తెరిచారు. సగం మెతుకులు తెల్లటి దుప్పటి మీద రాలిపోయాయి. తక్కిన సగం ఆమె తిన్నారు. నేను ఒక మూల నిలబడి ఏడుస్తున్నాను, ఏ చర్చిలోనూ అంతకన్నా పెద్ద ప్రభురాత్రి భోజనం నేను ఎరుగను!

ఆయన మళ్ళీ సీసా ముట్టలేదు, దేవునికే మహిమ! శుక్రవారాలు ఇప్పటికీ ఉపవాసం ఉంటాను, కానీ ఇప్పుడు ముందు కొబ్బరినూనె కరిగిస్తాను.

మీ ఇంట్లో మారవలసిన మనిషి ఉన్నారా? వాళ్ళ ఎదుట కాదు, దేవుని ఎదుట కూర్చోండి. ఇప్పుడే, చదువుతున్న చోటే, కళ్ళు మూసుకుని నాతోపాటు అనండి: తండ్రీ, మాకు కావలసింది నీ దగ్గరే ఉంది. మా ఆకలి మనుషుల మీద అలకగా మారనివ్వకు. మేము ఎవరికోసం కనిపెట్టుకుని ఉన్నామో వాళ్ళ చేతి ముద్ద తినే రోజు మాకూ దయచెయ్యి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.