కాలువ చివరి నుంచి కట్టిన నది

ఊళ్ళ, రోడ్ల, పొలాల బొమ్మలు వేసిన అట్ట పలకల్ని పక్కపక్కన పేర్చుకుంటూ పోయే ఆట ఒకటి మా ఇంట్లో ఉంది. గుంటూరులో నాకూ మా ఆయనకూ ఆదివారాలు దాంతోనే గడుస్తాయి. మొన్న ఆయన ఆ ఆటకు అదనపు సెట్టు కొన్నారు. అన్నీ నది పలకలే. అన్నిటికంటే ముందు నదిని పేర్చాలట. అది ఊట దగ్గర మొదలై చెరువులో ఆగాలట.

ఆయన ఊట పలక తీసి తన ముందు పెట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. మా నాన్నది పర్చూరు వైపు కాలువ చివరి భూమి. పైవాళ్ళు పెట్టుకోగా నీళ్ళు మిగిలితేనే మా మిరపకు తడి. మా అత్తగారి వాళ్ళ పొలమేమో కాలువ మొదట్లోనే ఉంది.

ఆ ఊట పలక తీసి ఆయన చేతికిచ్చేసి, చెరువు పలకను నా ముందు పెట్టాను.

“రూల్ ప్రకారం ఊట నుంచే మొదలుపెట్టాలి,” అన్నారాయన.

“ఆ రూల్ రాసినాయన పొలం కూడా కాలువ మొదట్లోనే ఉండుంటుంది. ఇక్కణ్ణుంచి పైకి కట్టండి.”

ఆయన గొణుగుతూనే ఉన్నారు. నదిని చెరువు నుంచి వెనక్కి పేర్చుకుంటూ వెళ్ళాం. ఊట పలక చివరికి ఆయన చేతిలో మిగిలింది. ఎక్కడైనా పెట్టుకోమన్నాను. నీళ్ళు అప్పటికే నా దగ్గరున్నాయి.