నా పేరు అడిగిన పొద్దు

"పేరు చెప్పు బావా, పేరు చెప్పు,
చెప్పిందాక గడప దాటనియ్యం..."

తర్వాతి వరుస యాదికొస్తలేదు. కొత్త పెండ్లికొడుకును తలుపుకాడ ఆపి మా ఆడపిల్లలం పాడేటోళ్లం. నా పెండ్లిల గూడ పాడిండ్రు. మా ఆయన ఒక్కసారి నా పేరు చెప్పి లోపలికి పోయిండు. మల్ల యాభై ఏండ్లు ఆ పేరు ఆయన నోట వినలే. "ఏమే", "ఇగో", గంతే. ఆ సంగతి మరిచి నేను నల్గొండ దవాఖానల నవ్వులపాలైన ముచ్చట చెప్త, వినుండ్రి.

పొలంల కాలికి ముల్లు దిగి, పుండై, నెత్తురంత విషం పాకింది ఆయనకు. పదకొండు దినాలు ఐసీయూల ఉన్నడు. ఇంటికి పంపే రోజు సిస్టర్ నన్ను కూసోబెట్టి ఒక కాగితం చేతిల పెట్టింది.

"అవ్వా, ఇది మల్ల తిరగబెట్టొచ్చు. సలి పెట్టి వణికినా, ఆయాసమొచ్చినా, మూత్రం సక్కగ రాకున్నా, మాట తికమకైనా ఆగొద్దు, వెంటనే తీస్కరా. రోజు పొద్దున తాతను అడుగు, ఇది ఏ ఊరు, ఇయ్యాల ఏ వారం, నా పేరేంది అని. కాగితంల అన్నీ రాసున్నయి. చదువొస్తదా?"

"ముసలితనంల సంఘం బడిల నేర్చుకున్న బిడ్డా. కూడబలుక్కుని చదువుత."

హాలియా దగ్గరి మా ఊరికొచ్చినం. తెల్లారి కాగితం ముందట పెట్టుకుని అడిగిన.

"ఇది ఏ ఊరు?"

"మన ఊరే. మారిందా ఏంది?"

"ఇయ్యాల ఏ వారం?"

"బేస్తవారం."

"నా పేరేంది?"

గోడ దిక్కు తిరిగిండు. మల్ల అడిగిన. దుప్పటి మొఖం మీదికి గుంజుకున్నడు.

మతి తికమకైందనుకున్న. ఆటో మాట్లాడి, ఆయన తల ఒడిల పెట్టుకుని, నల్గొండ దాక ఏడ్సుకుంటనే పోయిన.

సిస్టర్ అన్నీ చూసింది. జరం లేదు, ఏం లేదు. "అవ్వా, నువ్వు జర బయట నిలబడు" అన్నది. తలుపు సందుల నుంచి విన్న.

"తాతా, అవ్వ పేరేంది?"

"అంజమ్మ."

"మరి ఆమె అడిగితే ఎందుకు చెప్పలే?"

"ఆమె ముందటనే ఆమె పేరెట్ల చెప్తరు బిడ్డా? సిగ్గు గాదా?"

వార్డంత నవ్వింది. నేను కొంగు నోట్ల కుక్కుకున్న. తిరిగొచ్చేటప్పుడు ఆటోల ఆయన మెల్లగ అన్నడు, "నీ పేరు నీకు యాదికి లేకనే నన్ను గింత దూరం తోల్కొచ్చినవా?"

ఇగ ఆ ప్రశ్న నేను మల్ల అడగలే. మూడు వారాలకు ఒక పొద్దు పొయ్యికాడుంటే ఆయనే పిలిచిండు, పేరు పెట్టి. పెండ్లినాటి తర్వాత గదే మొదలు. బుద్ధి సక్కగున్నదనుకున్న. సిగ్గుతోని నవ్వుకుంట పోయి, అడిగిన పని చేసి, మల్ల పొయ్యికాడ కూసున్న. గంటసేపు గదే సంబరం. చాయ తీస్కపోయేసరికి ఒళ్లు కాలిపోతాంది, మాట లేదు. దవాఖానకు తీస్కపోయిన గని, ఆయన మల్ల ఇంటికి రాలే.

ఆ కాగితం ఇంకా నాకాడనే ఉన్నది. మొదటి వరుసలనే ఉన్నది ఆ మాట. వేలు పెట్టి ఎన్నిసార్లు చదివిననో. అంత చదువుకున్నదాన్ని, ఆయన అన్నదాంట్ల మొదటి మాటకాడనే ఆగిపోయిన. ఆయన అన్నది గిది:

"అంజమ్మా, సలి పెడ్తాంది, ఇంకో దుప్పటి కప్పు."