ట్యాంకరు సిద్ధయ్య పెద్దరికం

రాయచోటి నుంచి వచ్చిన సిద్ధయ్య కువైట్‌లో మంచినీళ్ల ట్యాంకరు తోలేవాడు. ఇరాక్ సైన్యం దిగేదాకా అతనికి తెలిసిన శత్రువు ఒక్కడే, జీతం ఎగ్గొట్టే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని.

సైన్యం దిగాక మనిషి మారిపోయాడు. మిష్రిఫ్ విల్లాల్లో దాక్కున్న కువైటీలకు బియ్యం, మందులు చేరవేశాడు. ప్లాస్టిక్ సంచుల్లో మూటగట్టి ట్యాంకరు నీళ్లలో వేలాడదీసేవారు. చెక్‌పోస్టులో సైనికులు తుపాకీ మడమతో ట్యాంకును కొట్టి చూసేవాళ్లు. ఖాళీదైతే ఖంగుమంటుంది, నీళ్లుంటే అనదు. పంపేసేవాళ్లు. సంచులు కట్టేదీ, లోపలికి దిగి విప్పేదీ గదిలో తోటివాడు కరీముల్లా.

"సిద్ధన్నా, ఈ నీళ్లు తాగినోళ్లకి నా చెమట ఊరికే!" అని నవ్వేవాడు.

రానురాను సంచుల్లో, తిరగబడ్డ కువైటీలకు తూటాలూ వెళ్లాయి. అబ్బాసియాలో మనవాళ్లంతా సిద్ధయ్య మాట మీద నడిచారు.

ఒకరోజు మిష్రిఫ్‌లో ఓ విల్లా సోదా చేస్తే తూటాల సంచి దొరికింది, ఇంకా తడిగానే. ఇరాకీ అధికారి సిద్ధయ్యను పిలిపించాడు.

"మీ జనానికి జోర్డాన్ దాకా బస్సులిస్తా. ఈ సంచి కట్టినవాడెవడు?"

ఆ అధికారి అమాయకుడేం కాదు. బస్సులెక్కించడానికి అతనికో పెద్దమనిషి కావాలి, గోడకు నిలబెట్టడానికి ఇంకొకడు. బయట వందలమంది పస్తులున్నారు. "నేనే" అంటే ఖలాస్. అడిగింది కట్టినవాణ్ణి కదా, తోలినవాణ్ణి కాదు కదా అని సిద్ధయ్య తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. కరీముల్లా పేరు చెప్పాడు.

బస్సులొచ్చాయి. "కరీముల్లా ఏడన్నా?" అని అడిగినవాళ్లకు "ఎనకాల బస్సులో వస్తాడు, యల్లా, ఎక్కండి" అన్నాడు.

యుద్ధం ముగిశాక కువైట్‌కు తిరిగొచ్చి తెలుగువాళ్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. జుట్టుకు రంగు, మెడలో దండలు. గొడవలొస్తే తీర్పులు కూడా అతనివే. అబ్బాసియాలో సన్మానసభ పెట్టి, ట్యాంకరు కథ మళ్లీ చెప్పించుకున్నాడు.

వెనక వరుసలోంచి ఆసియా బీ లేచింది. కరీముల్లా భార్య. మొగుణ్ణి వెతుక్కుంటూ వచ్చి మిష్రిఫ్‌లో ఇంటిపనికి కుదిరింది; అతను దొరికిపోయిన సంగతి అక్కడే విన్నది.

"సిద్ధన్నా, ట్యాంకరు తోలింది నువ్వే గదా?"

"అవును తల్లీ."

"తోలినోడికి దండలేస్తిరి. కట్టినోడు ఒక్కడే ఎట్ల దొరికిపాయ?"

జవాబు హాల్లో అందరికీ తెలుసు. వాళ్లంతా ఆ బస్సులెక్కి ప్రాణాలతో బయటపడినవాళ్లే.

సిద్ధయ్య మైకు సరిచేసుకున్నాడు.

"పాపం, దుఃఖంలో ఉంది. ఆమెకు ముందు అన్నం పెట్టించండి."

చప్పట్లు కొట్టారు.