పాప ఏడవని రోజులు

గ్యాస్ గీజర్ బిగించిన రోజు నా డైరీలో ఇలా ఉంది: "గీజర్ పెట్టించాను. సిలిండర్ బయట, వెనక వరండాలో. గొట్టం గోడలోంచి స్నానాలగదిలోకి. అతుకుల దగ్గర సబ్బునీళ్ళు రాసి చూశాం, బుడగలు రాలేదు. వెంటిలేటర్ ఎప్పుడూ తెరిచే ఉంచాలని ఫిట్టర్ చెప్పాడు."

ఆ చివరి వాక్యం కింద గీత కూడా గీసుకున్నాను. అంత జాగ్రత్త గల మనిషిని.

మా అమ్మాయి తొలి కాన్పుకు వచ్చి ఉన్న రోజులవి. దాన్ని కృష్ణగిరిలో ఇచ్చాం. అక్కడి వేడికి అలవాటు పడిన పిల్ల, హోసూరు చలికి పొద్దెక్కేదాకా దుప్పటి తీసేది కాదు. కరెంటు గీజర్ ఉందిగానీ, సరిగ్గా నీళ్ళు కావలసిన వేళకే కరెంటు పోయేది. అందుకని గ్యాస్‌ది పెట్టించాను. ఫిట్టర్ నడివయసు మనిషి, సామల్పట్టి వైపువాడు. పని ముగించి చేతులు తుడుచుకుంటూ, "సార్, దీన్ని మిషన్ అనుకోవద్దండి, పొయ్యి అనుకోండి. పొయ్యికి గాలి కావాల. ఆ కిటికీ మాత్రం మూసేయొద్దండి" అన్నాడు. పొగగొట్టం ఉన్న రకం కూడా ఉందని, మా వెంటిలేటర్ పెద్దది కాబట్టి ఇది చాలునని చెప్పాడు.

నాకు అతను చెప్పక్కర్లేదనిపించింది. ముప్పై ఏళ్ళకు పైగా ఫ్యాక్టరీలో ఇనుప సామాన్లు కాచే ఫర్నేస్ దగ్గర పనిచేశాను. వెలిగించే ముందు పొగగొట్టం గాలి లాగుతోందో లేదో చూడటం, మంట రంగు చూడటం, గంటగంటకూ లాగ్‌బుక్‌లో రాయడం నా పని. మంట నీలంగా ఉంటే బాగా మండుతున్నట్టు. పసుపురంగుకు తిరిగితే గాలి చాలడం లేదన్నమాట. అలా చాలీచాలక మండినప్పుడు పుట్టే వాయువుకు వాసన ఉండదు, రంగు ఉండదు, మనిషిని దగ్గించదు, నిద్రపుచ్చినట్టు పడగొడుతుంది. కొత్తగా చేరినవాళ్ళకు ఈ పాఠం చెప్పింది నేనే. డైరీ రాసే అలవాటు కూడా ఆ లాగ్‌బుక్ నుంచే వచ్చింది.

పాప పుట్టింది. పురుడు వెళ్ళాక నీళ్ళు పోయడానికి ఉద్దనపల్లి నుంచి ఒక అవ్వ రావడం మొదలుపెట్టింది. మా అమ్మాయి పుట్టినప్పుడు దానికీ, దాని తల్లికీ నీళ్ళు పోసిన చేతులవి. రోజు విడిచి రోజు తొలి బస్సుకు దిగి, కాఫీ తాగి, కొంగు బిగించి పనిలోకి దిగేది. మొదటి రోజు స్నానాలగదిలోకి వెళ్ళి, తల పైకెత్తి వెంటిలేటర్ చూసి బయటికి వచ్చేసింది.

"ఏమప్పా, ఇంత బొక్క పెట్టుకొని బాలింతకు నీళ్ళు పోయమంటావా?" అంది.

గీజర్‌కు గాలి కావాలవ్వా అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఫ్యాక్టరీలో ఇనుము కాంచినోడివి. బాలింతల సంగతి నీకేం తెలుస్తాది? నువ్వేమన్నా కనినావా?"

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. తర్వాత నవ్వు ఆపి ఆమె కూడా అదే మాట చెప్పింది. పచ్చి ఒళ్ళు, చలిగాలి కొడితే జీవితాంతం నడుం నొప్పి పోదని, పసిదానికి జలుబు చేస్తే ఎవరు చూస్తారని. ఆ ఇద్దరి మాటా తప్పు కాదు. ఆ ఉదయం మంచుకు ఎదురింటి గోడే కనబడటం లేదు.

నేను చేసింది ఏమిటంటే, కొలతలు తీసుకున్నాను. వెంటిలేటర్ పొడవు వెడల్పులకు సరిగ్గా థర్మకోల్ అట్ట కోసి, అమర్చి, నాలుగు అంచులకూ టేపు వేశాను. వెంట్రుక దూరే సందు కూడా లేకుండా కుదిరింది. ఏ పని చేసినా కుదురుగా చేయడం నా స్వభావం. తలుపు కింది సందులో అవ్వ ఒక పాత దుప్పటి చుట్టి దోపింది. డైరీలో రాశాను: "వెంటిలేటర్ మూశాను. గది బాగా వెచ్చబడుతోంది."

అవ్వ పద్ధతి ఒకటుంది. ముందు తల్లికి పోసేది. గది బాగా కాగిన తరువాతే పాపను లోపలికి తీసుకునేది. కాళ్ళు చాపుకుని పీట మీద కూర్చుని, కాళ్ళ మీద పాపను బోర్లా వేసుకుని పోసేది. అంతసేపూ గీజర్ మండుతూనే ఉండేది. అయ్యాక హాల్లో సాంబ్రాణి పొగ వేసి తల్లికి జుట్టు ఆరబెట్టేవాళ్ళు.

మొదటి స్నానానికి పాప గుక్కపట్టి ఏడ్చింది. రెండోసారి కాస్త ఏడ్చింది. మూడోసారి ఏడవలేదు. అవ్వ చేతుల్లో మెత్తగా వాలిపోయి, పక్కలో వేయగానే మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. ఎంత బుద్ధిమంతురాలో అని మేమందరం మురిసిపోయాం. అవ్వ తన చేతివాసి అంది. నేను ఆ మాట కూడా రాసిపెట్టుకున్నాను.

నాలుగో స్నానం రోజు మా అమ్మాయి స్నానాలగది గడప దాటుతూ మోకాళ్ళ మీద కూలిపోయింది. మా ఆవిడ చంకల కింద చేతులు వేసి పట్టుకుంది కాబట్టి తల నేలకు తగల్లేదు. ముఖం పాలిపోయి ఉంది. కళ్ళు తెరిచి, "నాయనా, గది తిరగతా ఉండాది" అంది. వెనక వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. మా ఆవిడ వేడిపాలు పట్టింది. నీరసమంది తను, వేడినీళ్ళు ఎక్కువయ్యాయంది అవ్వ. సాంబ్రాణి పడటం లేదేమో అన్నాను నేను. ఆ రోజు సాంబ్రాణి ఇంకా వెలిగించనే లేదన్న సంగతి నాకు తట్టలేదు. గంటసేపట్లో అమ్మాయి తేరుకుంది. అవ్వ కూడా ఆ రోజు టిఫిన్ ముట్టకుండా, తల పగిలిపోతోందని చెప్పి బస్సుకు వెళ్ళిపోయింది.

సాయంత్రం కాఫీ వేళకు డైరీ తెరవడం నా అలవాటు. "అమ్మాయి కళ్ళు తిరిగి పడింది. అవ్వకు తలనొప్పి" అని రాశాను. రాసి, పెన్ను మూత పెట్టబోయి ఆగాను. అమ్మాయి బాలింత, దానికి నీరసం ఉంటుంది. అవ్వ బాలింత కాదు కదా.

పేజీలు వెనక్కి తిప్పాను. రెండోసారి పోసిన రోజు: "అవ్వకు తలనొప్పి, మాత్ర ఇచ్చాం." మూడోసారి: "అమ్మాయికి వికారం, అన్నం తినలేదు. అవ్వ తల పట్టుకుని కూర్చుంది. పాప ఏడవలేదు. బుద్ధిమంతురాలు." అవ్వ రాని రోజుల్లో ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు. గడప బయటే నిలబడి తువ్వాలు అందించే మా ఆవిడకు ఒక్కరోజు కూడా తలనొప్పి రాలేదు. ఇంకా వెనక్కి వెళితే, మూశాను అన్న వాక్యం. దానికి కొన్ని పేజీల ముందు, గీత గీసిన వాక్యం. రెండూ నా చేతిరాతే, ఒకే పెన్నుతో.

ఫ్యాక్టరీలో షిఫ్టు మారేటప్పుడు నేను రాసింది తరువాతి మనిషి చదివేవాడు. మంట పసుపుగా ఉందని రాస్తే అతను చదివి దాని సంగతి చూసేవాడు. ఇంటి డైరీకి తరువాతి షిఫ్టు లేదు. ఇన్నేళ్ళుగా రాసిందంతా రాయడం కోసమే రాశాను, ఏనాడూ ఒక మనిషి బాగోగుల కోసం వెనక్కి తిప్పి చదవలేదు. "బుద్ధిమంతురాలు" అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. నెల కూడా నిండని బిడ్డ, వాలిపోతుంటే మెచ్చుకున్నాం.

లేచి వెళ్ళి సిలిండర్ రెగ్యులేటర్ కట్టేశాను. అప్పటికప్పుడు తల్లినీ బిడ్డనూ ఆస్పత్రికి తీసుకుపోయాను. మూసిన గది, గీజర్, నాలుగు స్నానాలు, అంతా ఉన్నదున్నట్టు డాక్టరమ్మకు చెప్పాను. ఆమె ఇద్దరినీ పరీక్ష చేసి, బాగున్నారని చెప్పింది. ఇంకెప్పుడైనా ఇలా అయితే పక్క మీద పడుకోబెట్టవద్దని, ముందు బయటి గాలిలోకి తేవాలని, ఆ వెంటనే ఆస్పత్రికి రావాలని, పొద్దున జరిగినదానికి సాయంత్రం దాకా ఆగకూడదని చెప్పింది. వరండాలో కూర్చోబెట్టడం మేము తెలిసి చేసిన పని కాదు. అక్కడ కుర్చీ ఉంది, అంతే.

ఇంటికి వచ్చి అట్ట తీసేస్తానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. భయం ఆమెకూ ఉంది. కానీ కనబడని వాయువు కంటే కనబడే మంచు ఆమెకు పెద్ద భయం. అట్ట తీస్తే అవ్వ నీళ్ళు పోయనంటుందని, అవ్వ పోయకపోతే ఈ వయసులో తనకు చేతకాదని అంది. గదికి గాలి కావాలి, బాలింతకు గాలి తగలకూడదు. ఈ రెంటి మధ్య నాకు దారి కనబడలేదు.

మరునాడు కాక ఆ మరునాడు అవ్వ వచ్చింది. సంగతి చెబితే ముఖం ముడుచుకుంది. ఇన్నేళ్ళలో తన చేతుల మీద ఎవరికీ ఏమీ కాలేదంది. నేను వాదించలేదు. ఫర్నేస్ వెలిగించే ముందు మేము పాత నూలు కాస్త రాజేసి, దాని పొగ ఎటు పోతుందో చూసేవాళ్ళం. ఆమె సాంబ్రాణి మూకుడే అడిగాను. నిప్పులు వేసి, సాంబ్రాణి చల్లి, ఆరిపోయి ఉన్న గీజర్ కింద స్టూలు మీద పెట్టాను. "రెండు నిమిషాలు చూడవ్వా" అని లోపలి నుంచే తలుపు వేశాను. దుప్పటి కూడా ఆమె దోపినట్టే దోపాను.

పొగ నిటారుగా లేచి కప్పుకు తగిలింది. అక్కడి నుంచి వెంటిలేటర్ వైపు పాకింది. అట్ట దాకా వెళ్ళి, తిరిగి, కప్పు కింద పరుచుకుంది. తరువాత మెల్లగా గోడల వెంట కిందికి దిగసాగింది. అవ్వ అలవాటుగా పీట మీదే కూర్చుని ఉంది. పొగ ఆమె తల దాకా, మెడ దాకా, చాపుకున్న కాళ్ళ దాకా వచ్చింది.

"ఇదేందప్పా, నా సాంబ్రాణి నా మీదికే దిగొస్తా ఉండాది" అంది.

"దీనికి వాసనుంది, రంగుంది, కనబడుతోంది. దానికి ఏదీ ఉండదవ్వా" అన్నాను.

ఆమె తన కాళ్ళ వైపు చూసుకుంది. "నాకు తల నొచ్చేది దీనికేనా?"

అవునన్నాను.

"పాప ఏడవకపోయిందీ దీనికేనా?"

నేను దుప్పటి లాగేశాను. తలుపు తీసి, మూకుడు బయటికి తెచ్చాను. అవ్వ వెనక వరండా మెట్టు మీద కూర్చుంది. మా ఆవిడ కాఫీ తెచ్చిస్తే పక్కన పెట్టుకుంది.

"మా కాలంలో కూడా గది ఇట్లే మూస్తా ఉంటిమి," అంది. "నీళ్ళ కాగు మాత్రం పెరట్లో ఉండె. పొయ్యి బయట మండేది, నీళ్ళు లోపలికి వచ్చేటివి. పొయ్యిని లోపలికి తెచ్చినోడివి నువ్వు. గదిని మూయించిందాన్ని నేను." కాఫీ గ్లాసు అందుకుని, "పొయ్యిని బయటికి పంపించప్పా. గదిని నేను మూసుకొంటాను" అంది.

ఇంత తేలిక సంగతి ముప్పై ఏళ్ళు మంట చూసిన నాకు తోచలేదు. రెండు రోజులుగా నేను కిటికీ గురించే ఆలోచిస్తున్నాను. ఆమె పొయ్యి గురించి ఆలోచించింది.

ఆ రోజే అటక మీది రాగి కాగు దించాం. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి కట్టెలతో కాచి, బకెట్లతో మోశాను. నాలుగైదు రోజులు అలాగే గడిచింది. తరువాత ఫిట్టర్ వచ్చాడు. అట్ట చూసి, టేపు పీకి దాన్ని కిందికి దించాడు. ఆరుబయట పెట్టడానికి చేసిన గీజర్, పొగగొట్టం ఉన్న రకం తెచ్చి, పెరటి గోడకు రేకుల కింద బిగించాడు. వెంటిలేటర్‌కు దూరంగా, బయటికి పోయిన పొగ మళ్ళీ అదే దారిన లోపలికి రాకుండా. గొట్టం ఎక్కడా కిందికి వంగకుండా పైకే పోయేలా, రేకులు దాటి నిలబడేలా పెట్టి, వాన పడకుండా టోపీ వేశాడు. లోపలికి పోయేది వేడినీళ్ళ పైపు ఒక్కటే. వెలిగించాక గొట్టం మొదట్లో నేను ఊదుబత్తి పట్టుకున్నాను. పొగ తటపటాయించకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఫిట్టర్ కూడా వంగి చూసి తల ఆడించాడు.

మరునాడు అవ్వ వచ్చి, గది నాలుగు మూలలూ చూసి, వెంటిలేటర్‌కు తన చేత్తోనే గుడ్డ కట్టి, దుప్పటి దోపి, తలుపు వేసుకుంది. నేను పెరట్లో గీజర్ ముందు నిలబడ్డాను. అవ్వ లోపల కొళాయి తిప్పినప్పుడల్లా ఇక్కడ మంట లేచేది, కట్టినప్పుడల్లా ఆరేది. నీలం మంట. చెంబు చప్పుడు, నీళ్ళ చప్పుడు, అమ్మాయి ఏదో అనడం వినిపించాయి. తరువాత పాపను లోపలికి ఇచ్చినట్టున్నారు. మంట మళ్ళీ లేచింది. నేను చెవి గోడకు ఆనించాను.

మొదటి చెంబు పడగానే పాప అందుకుంది. గుక్కపట్టి, ఊపిరి తిప్పుకుని, మళ్ళీ గుక్కపట్టి ఏడ్చింది. ఎదురింటావిడ గేటు దగ్గరకు వచ్చి ఏమైందని అడిగింది. లోపలి నుంచి అవ్వ గొంతు ఆ ఏడుపును మించి వినిపించింది. "ఓయమ్మా, ఊరు లేపతా ఉండావే!"

ఆ సాయంత్రం డైరీలో వెచ్చదనం గురించి, గొట్టం ఎత్తు గురించి, మంట రంగు గురించి రాసుకున్నాను. ఆఖరున, "పాప నీళ్ళు పోసినంతసేపూ ఏడ్చింది" అని రాశాను. రాశాక, వెనక్కి తిప్పి "బుద్ధిమంతురాలు" అన్న పేజీ ఇంకోసారి చదివాను. ఆ మాటను కొట్టివేయలేదు. పేజీ మూల మడిచి పెట్టాను.